జవాన్ల బియ్యం లారీ

సూర్యాపేటలో మా తోడల్లుడి గృహప్రవేశానికి వెళ్లినప్పుడు, బంతిలో నా పక్కన కూర్చున్న పెద్దమనిషి నేను ఫౌజీనని తెలిసి ఎంతో ముచ్చటపడ్డాడు. "బార్డర్‌ల ఎంతమందిని కాల్చినవ్?" అని అడిగాడు. "ఒక్కణ్ని గూడ కాల్చలే. ఇరవై రెండేండ్లు సైన్యానికి బియ్యం, పప్పు, నూనె అందించిన" అన్నాను. ఆయన ముచ్చట అక్కడికక్కడే చప్పబడిపోయింది. "అంటే స్టోర్ కీపరా" అని సాంబారు బకెట్ వైపు తిరిగాడు. నాకు ముక్కు మీద కోపం. మా ఆవిడ ఎదుటి వరసలోంచి కళ్లతోనే వారించకపోతే విస్తరి ముందు నుంచి లేచిపోయేవాణ్నే.

నేను చేసిన పని మీద నాకు చాలా గర్వం. దాచుకోను. కొండల మీద కొన్ని పోస్టులకు ఏడాదిలో మూడు నాలుగు నెలలే దారి తెరిచి ఉంటుంది. మిగతా కాలమంతా తినేది ఆ నెలల్లోనే పైకి చేరాలి. అందులో ఒక లారీ బియ్యం ముక్కిపోయిందంటే, మళ్లీ మంచు కరిగేదాకా ఆ లోటు తీర్చేవాడు లేడు. అందుకని డిపోలో లారీ దించుకునే చోట నేను యముడిలా నిలబడేవాణ్ని. బస్తాలో గొట్టం గుచ్చి, గింజలు అరచేతిలో పోసుకుని, వాసన చూసి, కాస్త తేడా ఉన్నా వాపసు. డ్రైవర్లు నన్ను తిట్టని తిట్టు లేదు. నాయబ్ సుబేదారుగా రిటైరై, మిర్యాలగూడలో రెండు గదుల ఇల్లు కట్టుకుని వచ్చాక, ఆ తిట్లు వినపడక కొన్నాళ్లు నాకు తోచలేదంటే నమ్మండి.

మా సొంతూరు నిడమనూరు దగ్గర. కానీ మా బతుకంతా మిర్యాలగూడ రైసుమిల్లు మీదే నడిచింది. మా నాన్న అక్కడ హమాలీ. నేను వేసుకున్న మొదటి చెప్పులు, చదివిన పదో తరగతి, సైన్యంలో భర్తీకి వెళ్లడానికి రైలు టికెట్టు, అన్నీ ఆయన వీపు మీద మోసిన బస్తాల్లోంచి వచ్చినవే. రిటైరైన మూడో ఏడు, అదే మిల్లు నుంచి సేటు కబురు పంపాడు.

ఆ సేటు వాళ్లు ముగ్గురు అన్నదమ్ములు. ముగ్గురికీ మూడు మిల్లులు: పెద్దాయనది మిర్యాలగూడలో, నడిపాయనది కోదాడలో, చిన్నాయనది సూర్యాపేటలో. ముగ్గురూ కలిసి సైన్యానికి బియ్యం పంపే కాంట్రాక్టు పట్టారు. లారీ మిర్యాలగూడలో సగానికి పైగా నింపుకుని, కోదాడలో కొంత, సూర్యాపేటలో మిగతాది ఎక్కించుకుని హైవే మీద వెళ్లిపోతుంది. ఏర్పాటు బాగానే ఉంది. కానీ రెండు లారీలు వరసగా వాపసు వచ్చాయి. డిపో కాగితం మీద కారణం ఒకటే: తడి, మరకలు.

"సుబేదార్ సాబ్, మరకలు పడ్డ బస్తాలు ఎక్కువ నా మిల్లు మార్కువే" అన్నాడు సేటు, కాగితం నా ముందుకు తోస్తూ. "మూడోసారి గూడ వాపసొస్తే లిస్టుల కెల్లి పేరు తీసేస్తరు. నా తమ్ముళ్ల ముందల తలకాయ ఎత్తలేను. ఇదంత ముఠా పనే. నిర్లక్ష్యం. ఈసారి గూడ గిట్లనే అయితే ముఠాను బంద్ పెట్టి బయటోళ్లను తెచ్చుకుంట. మాట్లాడి గూడ పెట్టిన."

ముఠా అంటే మిల్లులో బస్తాలు మోసే హమాలీల జట్టు, మా నాన్న పనిచేసిన ముఠాయే. మనుషులు మారారు గానీ మేస్త్రి ఆయనే. మా నాన్నతో కలిసి బస్తా మోసినవాడు. నేను కాకా అని పిలిచేవాణ్ని. డెబ్బైకి దగ్గర పడ్డా బస్తాను ఒంటి చేత్తో పక్కకు దొర్లించగలడు. ఇరవై ఇళ్ల పొయ్యి ఆ మిల్లు మీద వెలుగుతోంది. మూడో లారీ వాపసు వస్తే అవి ఆరిపోతాయి. ఆ సంగతి నాకు ఆ గదిలోనే అర్థమై, లోడింగు చూసుకునే పనికి ఒప్పుకున్నాను.

మర్నాడు నోటుబుక్కు పట్టుకుని యార్డులోకి దిగాను. నన్ను చూడగానే ముఠాలో ఒకడు, "సుబేదారొచ్చిండు, అందరు అటెన్షన్‌ల నిలబడుండ్రి" అన్నాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఇక నా చాదస్తం మొదలైంది. బస్తాలకు కొక్కెం వెయ్యొద్దన్నాను. నేల మీద నేరుగా పేర్చొద్దని చెక్కలు పరిపించాను. గోడకూ బస్తాల నెట్టుకూ మధ్య మనిషి నడిచేంత సందు విడవమన్నాను. ముందు మరాడించిన బియ్యం ముందే పోవాలని సుద్దముక్కతో బస్తాల మీద నంబర్లు రాయించాను. వాళ్లు గొణుక్కుంటూనే అన్నీ చేశారు.

తేమ కొలిచే మిషన్‌తో రోజూ చూశాను. బియ్యం గింజ కొరికితే టక్కున విరిగేంత ఎండి ఉంది. రేకుల కప్పు ఎక్కి చిల్లు కోసం వెతికాను. లేదు. అయినా నా అనుమానం ముఠా మీదే ఉంది, ఒప్పుకుంటాను. వారం తిరిగాక, తాగేనీళ్ల కుండ దగ్గర రెండు బస్తాలు ఆనించి ఉండటం చూసి, అందరి ముందూ కాకా మీద అరిచాను.

ఆయన తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. "మీ నాయన గీ నెట్ల మీదనే నడుం పడగొట్టుకున్నడు. ఆయన దించిన బస్తా తడిసిందని ఎన్నడన్న మాట పడ్డడా? నేను గూడ పడలే. నువ్వు సూడు బిడ్డా, బాగ సూడు. మా తప్పు దొరికితె నా మొకం మీదనే సెప్పు" అన్నాడు. నాకు తల కొట్టేసినట్లయింది. అయినా బింకం పోక నోటుబుక్కులో ఏదో రాసుకుంటున్నట్టు నటించాను. నిజానికి ఏమీ రాయలేదు.

బియ్యం ఇక్కడ ఎండి ఉంది, అక్కడికి తడిసి చేరుతోంది. అంటే దారిలో ఏదో జరుగుతోంది. మూడో లారీతో నేనే వెళ్తానని సేటుకు చెప్పాను.

లోడు పూర్తయ్యాక, టార్పాలిన్ కప్పే ముందు, ముఠా అంతా చెప్పులు విప్పి లారీ చుట్టూ నిలబడింది. సంచుల మూతులు కుట్టే ఆడవాళ్లు రాగిచెంబులో పసుపు నీళ్లు, వేపమండలు పట్టుకొచ్చారు. ఒకామె నిచ్చెన ఎక్కి, లోడు పైన ఈ కొస నుంచి ఆ కొస దాకా నీళ్లు చల్లింది. కాకా కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్లు కూడా బస్తాల మీదే పోశాడు. మామూలు లారీలకు ఇవేవీ చెయ్యరు. ఇది జవాన్ల బియ్యం కాబట్టి చేస్తారు. "మంచుల ఉండే పిల్లలు. సల్లంగ ఉండాలె" అంది నీళ్లు చల్లినామె. ఇరవై రెండేళ్లు నేను దించుకున్న ప్రతి బస్తా వెనక ఇలాంటి వాళ్లెవరో ఉండి ఉంటారని నాకెన్నడూ తట్టలేదు. నేనూ చెప్పులు విప్పి దండం పెట్టాను. పట్టుకోవాల్సిన దొంగకే దండం పెడుతున్నానని నాకేం తెలుసు? టార్పాలిన్ బిగించి కట్టారు. బయల్దేరాం.

హుజూర్‌నగర్ దాటాక మఠంపల్లి వైపు నుంచి వచ్చే సిమెంటు లారీల వెనక నత్తనడక నడిచి, పొద్దు నడినెత్తికి వచ్చేసరికి కోదాడ చేరాం. టార్పాలిన్ విప్పి నడిపి సేటు బస్తాలు ఎక్కించారు. ఎక్కించాక అక్కడా ఆడవాళ్లు వచ్చారు, చెంబు, వేపమండ, కొబ్బరికాయ. వాళ్ల బస్తాల మీదే కాదు, లారీ మొత్తం మీద చల్లారు. "మళ్లీ ఎందుకమ్మా, మిర్యాలగూడలో చల్లారు కదా" అన్నాను. "వాళ్లది వాళ్లు చేసుకున్నారండీ. మా చేతుల మీదుగా పోయేది మేం చల్లకుండా ఎట్లా పంపుతామండీ" అంది ఒక పెద్దావిడ, నేనేదో తప్పుమాట అన్నట్టు. నా మనసులో ఏదో కలుక్కుమంది గానీ, పైకి తేలలేదు.

సూర్యాపేటలో తేలింది. అక్కడి ముఠా మూడు గంటలకల్లా లోడు పూర్తి చేసింది. ఈసారి చెంబు రాలేదు. బిందె వచ్చింది. "మిర్యాలగూడోళ్లు చెంబుతోని సల్లిన్రంట. మేమేం తక్కువ?" అంటూ ఒకామె బిందెలో వేపమండలు ముంచి, అభిషేకం చేసినట్టు చల్లింది. పసుపు నీళ్లు మొదటి వరస బస్తాల మీంచి కిందికి కారాయి.

నేను నిచ్చెనెక్కాను. క్యాబిన్ వైపు ఉన్న మిర్యాలగూడ బస్తాల మధ్య చెయ్యి దూర్చాను. తడి. గోనె మీద పసుపు మరకలు. లెక్క సాఫుగా తేలిపోయింది. ముందెక్కిన మిర్యాలగూడ బస్తాల మీద మూడుసార్లు చల్లుతున్నారు, కోదాడ వాటి మీద రెండుసార్లు, సూర్యాపేట వాటి మీద ఒక్కసారి. దాని మీద టార్పాలిన్ బిగించి మూడు నాలుగు రోజుల ఎండలో తీసుకుపోతే లోపల ఉక్కకు బియ్యం ఏమవుతుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. మార్కు చూసి సేటు ఎవరి మెడ పట్టుకున్నాడో, వాళ్ల తప్పు మిగతా రెండు ముఠాలకన్నా పెద్దదేం కాదు.

ఇంకో లారీ గుర్తొచ్చి అక్కడే కూర్చున్నాను. డిపోలో ఒకసారి పసుపు మరకలున్న లారీని నేను వాపసు పంపాను. డ్రైవర్ తెలుగువాడు. నేను తెలుగు మాట్లాడతానని తెలిసి ప్రాణం లేచొచ్చినవాడిలా, "సార్, అది పసుపు సార్, పూజ చేసిన్రు" అని నా వెంట తిరిగాడు. మనవాడని సడలిస్తే నలుగురూ ఏమనుకుంటారోనని, మాట పూర్తి కానివ్వకుండా కాగితం మీద రెండు ముక్కలు రాసి చేతిలో పెట్టాను. తడి, మరకలు. ఆ బియ్యం పైకి పంపకపోవడం తప్పు కాదు. ఈ రోజుకీ పంపను. కానీ ఆ డ్రైవర్ మాట విని, ఆ మాట కూడా కాగితం మీద రాసి ఉంటే, ఎక్కడో ఒక మిల్లులో ఒక ముఠాకు తమ పొరపాటు తెలిసేది. వాపసు పంపడమే నా పని అనుకున్నాను. ఎందుకు వాపసు పంపానో చెప్పడం కూడా నా పనే అని అనుకోలేదు. సిగ్గేసింది.

సేటుకు ఫోన్ చేశాను. "లారీ పోదు. మొత్తం దించాలె" అన్నాను. ఆయన ఫోన్‌లోనే గోల పెట్టాడు. లారీ కదలడానికి గడువు రెండు రోజులే ఉందని, నన్ను పెట్టుకోవడమే తన బుద్ధితక్కువని. "ముఠాను తోలియ్యుండ్రి, రేపు మధ్యాహ్నం వరకు లారీ పోతది. పూచీ నాది" అని పెట్టేశాను.

కాకా పదిమందితో ట్రాలీ ఆటోలో పొద్దు గుంకే వేళకు దిగాడు. అప్పటికే సూర్యాపేట ముఠా దించిన బస్తాల మధ్య నిలబెట్టి, తడి చూపించి, మూడు చోట్ల జరిగింది చెప్పాను. ఆయన ఒక బస్తా మీది పసుపు మరకను వేలితో రుద్ది చూశాడు. సూర్యాపేట ఆడవాళ్లు బిందె పక్కన పెట్టి నిలబడ్డారు. "మేం సల్లిన నీళ్లా?" అంది ఒకామె. ఆ ముఖం చూడలేక పక్కకు తిరిగాను.

"ఇగ నుంచి నీళ్లు బంద్" అన్నాను, డిపోలో అన్నట్టే.

"బంద్ ఎట్ల పెడ్తవ్?" అన్నాడు కాకా. గొంతు పెంచలేదు. "పెండ్లి అయిన పిల్లను ఉత్తగనే బండెక్కిస్తమా? జవాన్లకు పోయేది మా చేతులల్ల కెల్లి పోతున్నది. పైస పనికి గాదు సల్లేది."

"అయితే మళ్ల వాపసొస్తది. ముఠా పోతది. సేటు బయటోళ్లకు మాట ఇచ్చిండు కాకా, నీకు తెల్వదు."

"తెలుసు" అన్నాడు. ఆయనకు ముందే తెలుసని నాకు అప్పుడే తెలిసింది. వారం రోజులు నేను ఆయన్ని అనుమానించి, అందరి ముందూ అరిచినా, ఆ బరువు మోసుకుంటూనే ఊరుకున్నాడు. నా చేతిలో నోటుబుక్కు ఎందుకుందో నాకే అర్థం కాలేదు.

కాకా ఖాళీ లారీ చుట్టూ ఒకసారి తిరిగాడు. బాడీ చెక్కల సందులో వేలు పెట్టి తీశాడు. వేలికి బూడిదరంగు పొడి అంటుకుంది. అంతకుముందు మోసిన సిమెంటు. ఇంకో సందులోంచి తెల్లటి యూరియా గుళికలు రాలాయి.

"బియ్యానికి ఎందుకు సల్లాలె? లారీకి సల్లుదాం" అన్నాడు. "ఉత్త లారీకి. ఎన్ని బిందెలన్న పొయ్యుండ్రి. మంచిగ రుద్ది కడుగుండ్రి. ఎండినంక బస్తా ఎక్కిద్దాం. కాయ టైరు కాడ కొడ్దాం."

లోడు చేసే ముందు ఖాళీ లారీ శుభ్రంగా, పొడిగా ఉందో లేదో చూడాలని మా డిపోలో కూడా నియమం ఉంది. కాగితం మీద. తొందరలో తొంగి చూసి టిక్కు పెట్టేవాళ్లం. నేనూ పెట్టాను. చదువు రాని మనిషి దాన్ని పూజలో కలిపేశాడు. ఇక దాన్ని ఎగ్గొట్టే మగాడు ఎవడున్నాడు?

తెల్లవారి ఎండ పొడవగానే ఆడవాళ్లు లారీ ఎక్కారు. పసుపు నీళ్లు పోసి, చీపుళ్లతో చెక్కల సందులు రుద్దారు. సిమెంటూ యూరియా పచ్చటి నీళ్లలో కొట్టుకుపోయాయి. అది ఎండేలోపు మగవాళ్లు తడిసిన బస్తాల్లో బియ్యం విడిగా తీసి, వాటి బదులు చిన్న సేటు గోదాం నుంచి కొత్త బస్తాలు తెచ్చారు. మిర్యాలగూడ ముఠా, సూర్యాపేట ముఠా కలిసి మోశారు. మధ్యాహ్నానికి లారీ కదిలింది. ముందుకన్నా రెండు కాయలు ఎక్కువే కొట్టారు, అన్నీ టైరు దగ్గరే.

తర్వాతి రోజులు ఎలా గడిపానో చెప్పలేను. ఫోన్ మోగితే చాలు సేటేనని పరిగెత్తేవాణ్ని. మా ఆవిడ, "నువ్వు ఫౌజ్‌ల ఉన్నప్పుడు నేను గిట్లనే ఉండేదాన్ని, ఇప్పుడు తెలుస్తున్నదా" అంది. అయిదో రోజు సేటు మిల్లుకు రమ్మన్నాడు. వెళ్లేసరికి ఆఫీసులో లేడు. ఎప్పుడూ యార్డులోకి దిగని మనిషి, ధోవతి అంచు ఎత్తిపట్టుకుని ఊకదుమ్ములో నిలబడి ఉన్నాడు. ఎదురుగా ముఠా.

"మేస్త్రీ, బియ్యం తీసుకున్నరు. ఒక్క బస్తా గూడ వాపసు లేదు" అన్నాడు సేటు. "నేనేదో అన్న. మనసుల పెట్టుకోకు. ముఠా ఉంటది."

కాకా దండం పెట్టలేదు. పెడతాడేమో, కాళ్లకు వంగుతాడేమోనని నాకు భయంగా ఉంది. ఆయన తలగుడ్డ సరిచేసుకున్నాడు. "ఉంటం సేటూ. గని ఒక్క మాట. ఇగ నుంచి జవాన్ల లారీ బాడీ ముందుగాల మేం సూస్తం. మేం సరే అంటెనే బస్తా ఎక్కుతది. గీడ అయినా, కోదాడల అయినా, సూర్యాపేటల అయినా. ఒక్కో మిల్లు ఒక్కో లారీ నింపాలె. కట్టిన టార్పాలిన్ నడిమిట్ల ఇప్పొద్దు."

సేటు నా వైపు చూశాడు. ఆ మాటలు నేనే నేర్పి ఉంటానని ఆయన అనుమానం. నేను నేర్పలేదు. లారీకి ఒక్క మిల్లే లోడు చెయ్యాలన్నది నేను నోటుబుక్కులో రాసుకున్నాను గానీ, ఇంకా ఎవరికీ చెప్పలేదు. "సరే" అన్నాడు సేటు.

నాలుగో లారీ సేటు సొంత బండి. డ్రైవర్ పొద్దున్నే సర్వీసింగ్‌లో కడిగించి, నీళ్లు కారుతుండగానే తోలుకొచ్చి, నిమ్మళంగా ఇంజన్ ఆపాడు. ఆడవాళ్లు చెంబులతో సిద్ధంగా ఉన్నారు. సేటు అటువైపుగా కాంటా దగ్గరికి వెళ్తూ ఆగి చూస్తున్నాడు. కాకా వెనక తలుపు తీసి, బాడీ ఎక్కి, మోకాళ్ల మీద కూర్చుని చెక్కల సందులో అరచెయ్యి ఆనించాడు. చెయ్యి తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అచ్చం నేను డిపోలో చేసినట్టే.

"లోపల చెక్క తడి ఉన్నది. డీజిల్ వాసన గూడ ఉన్నది. తీస్కపో" అన్నాడు.

"సేటు బండి మేస్త్రీ ఇది" అన్నాడు డ్రైవర్.

"సేటుదైనా సరే. ఎండబెట్టి తీస్కరా."

డ్రైవర్ సేటు వైపు చూశాడు. సేటు కాంటా వైపు నడిచి వెళ్లిపోయాడు. అప్పుడు డ్రైవర్ నా దగ్గరికి వచ్చి, "సాబ్, మీరన్న చెప్పుండ్రి" అన్నాడు. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి, దాచుకోలేదు. "మేస్త్రి చెప్పినంక నేను చెప్పేదేం లేదు" అన్నాను.

లారీ వెనక్కి మళ్లింది. ఆడవాళ్లు చెంబులు దించి షెడ్డు నీడలో కూర్చున్నారు. నేనూ వెళ్లి వాళ్ల పక్కన కూర్చున్నాను.